ఇద్దరు బావలు, ఒక స్టీలు డబ్బా

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను తాటిచెట్టు అంటే మీరు మునగకాడ అనుకోండి. వెయ్యిమంది వచ్చారంటే పదకొండుమంది వచ్చారని, అందులో ఇద్దరు దారి తప్పి వచ్చారని సర్దుకోండి. పెళ్లయిన మొదటి నెలలోనే మా ఆవిడ ఈ జబ్బు కనిపెట్టింది. "ఈయన చెప్పినదాంట్లో పదో వంతు నమ్మండి, ఆ పదో వంతూ ఎవరినైనా అడిగి నమ్మండి" అని ఊళ్లో చాటింపు వేయించింది. చాటింపు కాదు లెండి, పక్కింటావిడతో అంది. చూశారా, అప్పుడే మొదలైపోయింది.

ఒక్క భయం విషయంలో మాత్రం నా మాటని తగ్గించుకోకండి. ఇందులో నేను పడిన భయాన్ని పెంచి రాయడానికి నాకు చోటు దొరకలేదు. అది అప్పటికే ఇంటి కప్పుకి తగులుతోంది.

విజయనగరంలో ఒక గుండె ఆసుపత్రిలో పద్నాలుగేళ్లు పనిచేసి, యాభై నిండకుండానే మానేసి ఇంట్లో కూర్చున్నాను. డాక్టరుని కాను, కాంపౌండరునీ కాను. కొత్త మందుల మీద పరిశోధన జరుగుతున్నప్పుడు రోగులకీ డాక్టరుకీ కంపెనీకీ మధ్య బొంగరంలా తిరిగేవాడు ఒకడుంటాడు. ఆ ఉద్యోగానికి కోఆర్డినేటర్ అని పేరు. చేసే పనులు మూడు: కాగితాలు నింపడం, మాత్రలు లెక్కపెట్టడం, భయపడడం. మొదటి రెండిటికీ జీతమిచ్చేవారు. మూడోది నేను ఊరికే చేసిపెట్టేవాణ్ణి.

ఇప్పుడు ఫార్మసీ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కనబడితే, "సార్, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడుగుతుంటారు. పుస్తకంలో ఉన్న జాగ్రత్తలన్నీ మీకు నేర్పే ఉంటారు. పుస్తకంలో లేనిది ఒకటుంది. అది నాకు నెల్లిమర్లలో ఒక ఇంటి వాకిట్లో తెలిసింది.

హార్ట్ ఫెయిల్యూర్ అన్న మాట వింటేనే మావైపు జనం సగం పోయేవారు. "పరీక్ష ఫెయిలయితే మళ్లీ రాస్తాం, గుండె ఫెయిలయితే ఏటి రాస్తాం బాబూ?" అని ఒకాయన నన్ను నిలదీశాడు. గుండె ఆగిపోవడం కాదది. ముసలి ఎద్దు బండిని లాగినట్టు, లాగలేక లాగుతూ ఉండడం. కాళ్లలో నీరు చేరుతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. దానికి ఇప్పుడు మంచి మందులున్నాయి. వాటికి తోడుగా ఇంకో కొత్త మాత్ర పనికొస్తుందా లేదా అని తేల్చడానికి మా ఆసుపత్రిలో పరిశోధన మొదలుపెట్టారు.

పద్ధతి ఇది. రోగులందరూ మామూలు మందులు వేసుకుంటూనే ఉండాలి. వాటిపైన ఈ కొత్త సీసాలోంచి రోజుకొక మాత్ర. కొందరి సీసాల్లో నిజం మాత్ర ఉంటుంది, కొందరి సీసాల్లో అచ్చం అలాగే కనబడే ఉత్త మాత్ర ఉంటుంది. ఎవరికి ఏది వెళ్లిందో రోగికి తెలియదు, నాకు తెలియదు, డాక్టరుకీ తెలియదు. తెలిస్తే మనసు ఒకవైపుకి ఒరిగిపోతుందని ఈ ఏర్పాటు. ఇక అసలు సంగతి: కొత్త మాత్ర మేలు చేస్తుందో కీడు చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికే ఇంత తతంగం.

ఆ మాత్ర రక్తంలో పొటాషియం పెంచవచ్చని ముందే హెచ్చరించారు. పొటాషియం కూరలో ఉప్పులాంటిది. ఉండాలి, హద్దులో ఉండాలి. హద్దు దాటితే గుండె చెప్పా పెట్టకుండా ఆగిపోతుంది. కిడ్నీలు నీరసించినవాళ్లకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని వాళ్లకి తక్కువ మోతాదు సీసా, తట్టుకోగలవాళ్లకి మెల్లగా పెంచుకుంటూ ఎక్కువ మోతాదు సీసా ఇచ్చేవాళ్లం. మాత్రలు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. సీసా మీద నంబరొక్కటే తేడా.

ఇక మన బావలు. ఇద్దరిదీ నెల్లిమర్లే. ఒకాయన జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి దిగిపోయినవాడు. మిషన్ల హోరులో మాట్లాడి మాట్లాడి, మామూలు గొంతుతో "మంచినీళ్లు" అంటే ఎక్కడో ఆ చివర గజపతినగరంలో ఎవరో చెంబు అందుకునేవారు. ఇంకొకాయన దర్జీ. బాప్టిస్టు చర్చిలో ఆదివారం కనబడే తెల్లచొక్కాల్లో సగం ఆయన కుట్టినవే. సూదిలా సన్నటి మనిషి, దారంలా సన్నటి మాట. దర్జీ గారి చెల్లెలు మిల్లాయన భార్య. ఇద్దరూ ఒకర్నొకరు "బావా" అనే పిలుచుకునేవారు కాబట్టి నేను మిల్లు బావ, దర్జీ బావ అని గుర్తుపెట్టుకున్నాను. దర్జీ బావకి భార్య పోయింది. ఇల్లు పక్కనే గానీ తిండీ మందూ అన్నీ చెల్లెలింట్లోనే. ఏడాది తేడాలో ఇద్దరికీ గుండె నీరసించింది. దర్జీ బావకి దానికి తోడు కిడ్నీలు కూడా. ఆ ఇంటికంతటికీ గట్టిగా కొట్టుకునే గుండె ఆవిడదొక్కటే. నేను ఆవిడని అక్కా అనేవాణ్ణి.

పరిశోధనలో చేరేముందు రోగికి అన్నీ వివరించి సంతకం తీసుకోవాలి. ఆ ఫారం మహాభారతమంత ఉంటుంది. అందులో ప్రతి ముక్కా తూచి రాసి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పడమే నా పని. చెప్పాను కదా, అది నాకు చేతకాదని.

ఆసుపత్రిలో బావల్నీ అక్కనీ కూర్చోబెట్టి చదువుతూ సగంలో ఉండగా మిల్లు బావ అడ్డుపడ్డాడు.

"అయితే బాబూ, నాకు మంచిదొచ్చి మా బావకి ఉత్తదొస్తే?"

"రావచ్చు."

"అలగైతే మా బావ ఉత్తినే పోతాడేటి?"

"పోతే పోనాను," అన్నాడు దర్జీ బావ. "నీ గొంతు ఇనక్కర్నేదు. సుకం."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఊపు వచ్చింది. "ఎవరూ పోరు. మామూలు మందులు ఇద్దరికీ ఉంటాయి. కొత్తది మంచిదో కాదో మాకే తెలియదు" అని చెప్పి ఊరుకోవాలి. ఫారంలో అదే ఉంది. నేనేమన్నానంటే: "చూడండి బావగార్లూ, ఒక సీసాలో సంజీవని, ఇంకో సీసాలో సున్నంముక్క. ఎవరి అదృష్టం వాళ్లది!"

బావలిద్దరూ పగలబడి నవ్వారు. అక్క నవ్వలేదు.

"ఇద్దరికీ సంజీవనే ఇయ్యడానికి నేదేటి బాబూ?"

"లేదక్కా. కంప్యూటర్ చీటీ తీస్తుంది. మన చేతిలో లేదు."

"సీటీయా," అంది. అని భర్త వైపు ఒకసారి, అన్న వైపు ఒకసారి చూసింది. నేను సంతకాల పేజీ తిప్పాను.

చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చే నర్సు ఒకావిడ మాతో పనిచేసేది. అందరికీ బీపీ చూసేది గానీ నాకు మాత్రం బీపీ పెంచేది. వాళ్లు వెళ్లాక అంది: "మాస్టారూ, మీ నోటికి అడ్డంగా ఒక ప్లాస్టరు ఎయ్యాల. కాయితంలో ఉన్నదొకటి, మీరు సెప్పినదొకటి."

"అర్థమయ్యేలా చెప్పాను."

"ఏటర్థమయిందో ఆలని అడిగారా?"

అడగలేదు. ఆ ప్రశ్నకి విలువ కట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలూ నా ఉద్యోగ జీవితంలో స్వర్ణయుగం. ప్రతి సీసాలో ముప్ఫై అయిదు మాత్రలుంటాయి. రోగి ఇరవై ఎనిమిదో రోజున సీసా తిరిగి తెస్తే ఏడు మిగలాలి. ఎవరికీ మిగలవు. ఒకరికి పన్నెండు మిగులుతాయి, ఒకరికి రెండు. ఒకాయన ఇచ్చిన వాటికన్నా ఎక్కువ తెచ్చాడు. ఎలాగో ఇప్పటికీ అంతుపట్టలేదు. మన బావలకి మాత్రం ఏడు, ఏడు. మరుసటి నెల ఏడు, ఏడు. మా లెక్కలు సరిచూడడానికి హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వచ్చేవాడు. అతను వస్తున్నాడంటే ఆసుపత్రిలో గోడగడియారం కూడా అడుగుల చప్పుడు కాకుండా నడిచేది. అంతటివాడు ఆ లెక్క చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత శ్రద్ధగల రోగులు ఎక్కడా లేరు. ఎలా నేర్పారండీ?" అన్నాడు. నేను తలుపు పట్టనంత ఉబ్బిపోయాను.

అప్పుడే అనుమానం రావాలి. మనుషులు మరిచిపోతారు. పెళ్లికి వెళ్తారు, జ్వరం వస్తుంది, మాత్ర మంచం కిందికి దొర్లిపోతుంది. ఒక ఇంట్లో ఇద్దరూ ఒక్క మాత్ర కూడా అటూఇటూ కాకుండా తెస్తున్నారంటే ఆ లెక్క మాత్రలు మింగేవాళ్లది కాదు, పంచేవాళ్లది.

మూడో నెలలో మిల్లు బావకి మోతాదు పెంచారు. దర్జీ బావకి పెంచలేదు, కిడ్నీల వల్ల. నాలుగో నెలలో దర్జీ బావ రక్తపరీక్షకి రావలసిన రోజుకి రాలేదు. ఫోన్ చేస్తే మిల్లు బావ ఎత్తాడు. "నీరసంగా ఉన్నాది బాబూ, తగ్గినాక వస్తాడు." నీరసం తగ్గాక పరీక్షకి రావడమంటే వాన వెలిశాక గొడుగు కొనడంలాంటిది. వారం గడిచింది. ఎనిమిదోనాడు పొద్దున్న నేనే బైకు వేసుకుని నెల్లిమర్ల బయల్దేరాను.

వాకిట్లో అడుగుపెట్టగానే మొదట కనబడింది కొబ్బరిబొండాల గుట్ట. తాగేసిన డొక్కలు. హిమాలయమంత అని రాయాలని ఉంది. నా నడుమెత్తు ఉంది. అది చాలు.

"ఇన్ని బొండాలెవరు తాగారు?"

"ఇంకెవలు, మా బావే," అన్నాడు మిల్లు బావ గర్వంగా. "రోజుకి నాలుగు. నీరసం బాబూ, మరి బలం రావాల కదా."

నీరసానికి కొబ్బరినీళ్లు పట్టించడం మావైపు తల్లిపాల తర్వాత నేర్చుకునే వైద్యం. కొబ్బరినీళ్లలో ఏముంటుందో నాకు తెలుసు. పొటాషియం. నా అరికాళ్లు చల్లబడడం మొదలైంది.

దర్జీ బావ నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కనే కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆ మిషను మీద దుప్పటి నేనెప్పుడూ చూడలేదు.

"ఎలా ఉంది బావగారూ?"

"కాళ్లూ సేతులూ నావి కావన్నట్టున్నాది బాబూ. సూది పట్టుకుంటే జారిపోతన్నాది. సేతుల్లో సీమలు పాకినట్టు..."

చల్లదనం మోకాళ్ల దాకా వచ్చింది. మా పనిలో ఈ మాటలు ఒక వరసలో వింటే చాలు, పొటాషియం హద్దు దాటిందని అనుమానించాలి. ఒంట్లో బలం పోవడం, తిమ్మిర్లు, కిడ్నీ రోగి. అయినా నన్ను నేను సముదాయించుకున్నాను. ఈయనకున్నది తక్కువ మోతాదు సీసా. దానికింత జరగదు.

"అక్కా, కొత్త మాత్ర రోజూ వేస్తున్నావా?"

"ఎందుకెయ్యనూ? ప్రార్థన అవ్వగానే ఇద్దరికీ నానే ఏస్తాను," అంటూ లోపలికెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. పోపులు పోసుకునేలాంటిది. నా ఎదురుగా గలగలా ఆడించి మూత తీసింది. నిండా మాత్రలు.

"ఇవి ఎవరివి?"

"ఇద్దరివీ."

"ఇద్దరివీ అంటే?"

"రెండు సీసాలూ ఇందులో పోసి కలిపీసినాను బాబూ. రోజూ సెరొకటి."

ఆ డబ్బా లోపలికి చూశాను. ఎక్కువ మోతాదు, తక్కువ మోతాదు, అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. దేవుడు దిగివచ్చినా ఏది ఎవరిదో ఏరలేడు. ఉత్త మాత్రలు కూడా ఉంటే అవీ అందులోనే. నాలుగు నెలల నా ఏడు, ఏడు, ఏడు, ఏడు. నెలాఖరున మిగిలిన పద్నాలుగు మాత్రలనీ ఆవిడ సమానంగా తిరిగి సీసాల్లో పోసి పంపేది. నేను వాటిని లెక్కపెట్టి ఉబ్బిపోయేవాణ్ణి.

"ఎందుకక్కా ఇలా చేశావు?"

"మరేటి సెయ్యమంటావు బాబూ? ఒక సీసాలో సంజీవని, ఒక సీసాలో సున్నంముక్క అన్నావు. ఒకడు నా మొగుడు, ఒకడు నా అన్న. ఒకడు బతికి ఒకడు పోతే నాను ఎవరి పక్కన కూకోవాల? ఎవరి కాసి సూసి సంతోసపడాల? అందుకే కలిపీసినాను. సెరిసగం సంజీవని, సెరిసగం సున్నం. బతికితే ఇద్దరూ బతుకుతారు."

"ఊరికినే కలపనేదు బాబూ," అన్నాడు దర్జీ బావ మంచం మీంచి. "ప్రార్థన సేసి కలిపింది."

"నానూ ఒప్పుకున్నాను," అన్నాడు మిల్లు బావ. ఆయన గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా ఉంది. "తప్పేటి బాబూ?"

తప్పేమిటో చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పాలంటే నా మాటే మొదట చెప్పాలి. ఆవిడ నేనిచ్చిన లెక్కనే చేసింది. తప్పు లెక్క ఇచ్చింది నేను. మిల్లు బావ తట్టుకునే మోతాదు దర్జీ బావ కిడ్నీల్లోకి నెల్లాళ్లుగా వెళ్తోంది. పైన రోజుకి నాలుగు బొండాలు. ఆ సన్నటి మనిషి గుండె ఇప్పుడు ఏ అంచు మీద ఉందో నాకు తెలియదు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగినప్పుడల్లా, ఊపిరి తీసుకోవడానికి ఆగాడా, అసలే ఆగిపోయాడా అని ఆయన ఛాతీ కేసి చూసేవాణ్ణి.

జేబులోంచి ఫోను తీశాను. వాకిట్లో నిలబడి పరిశోధన నడిపే మా డాక్టరమ్మకి చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ రెండే ముక్కలన్నది: "వెంటనే తీసుకురండి. చుక్క బొండం తాగించకండి."

బైకు అక్కడే వదిలేశాను. ఆటోలో దర్జీ బావని మధ్యలో కూర్చోబెట్టి ఒక పక్క అక్క, ఒక పక్క నేను. మిల్లు బావ ముందు డ్రైవరు పక్కన. నెల్లిమర్ల నుంచి విజయనగరం పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. ఆ రోజు మేము భూమిని రెండుసార్లు చుట్టి వెళ్లాం. నా వేళ్లు దర్జీ బావ మణికట్టు మీదే ఉన్నాయి. నాడి కొట్టుకుంటోంది. కొట్టుకుంటోంది. ఒకచోట గోతిలో ఆటో ఎగిరింది, వేళ్ల కింద నాడి పోయింది. నా గుండె ఆగింది. తర్వాత చూస్తే నా వేళ్లే పక్కకి జరిగాయి. మళ్లీ వెతికి పట్టుకునేసరికి నా చొక్కా తడిసిపోయింది.

"ఏటి బాబూ, అలగ వణికిపోతన్నావు?" అన్నాడు దర్జీ బావ నీరసంగా. "జొరమా?"

ఆసుపత్రి చేరగానే నర్సు ఈసీజీ తీసింది. కాగితం మిషన్లోంచి వస్తుంటే చూశాను. మామూలుగా చిన్న చిన్న గుట్టల్లా ఉండవలసిన గీతలు సర్కసు గుడారాల్లా నిటారుగా, మొనదేలి లేచి ఉన్నాయి. వరసగా గుడారాలు. నర్సు నన్ను ఎగతాళి చెయ్యలేదు. ఆవిడ ఎగతాళి చెయ్యకపోవడం నేను చూసిన రోజు అదొక్కటే. అప్పుడు తెలిసింది ఎంత దగ్గరికి వచ్చామో.

డాక్టరమ్మ పరుగెత్తలేదు. మంచి డాక్టర్లు పరుగెత్తరు, వాళ్ల చేతులు పరుగెత్తుతాయి. ముందు గుండెకి కాపుగా ఒక ఇంజెక్షను. తర్వాత పొటాషియాన్ని రక్తంలోంచి తోసేసే మందులు. రక్తపరీక్ష ఫలితం వచ్చింది. అయిదు దాటితే మేము ఉలిక్కిపడతాం. ఆరున్నర దాటింది. డాక్టరమ్మ ఆ కాగితం చూసి నా చేతికిచ్చింది. మానిటరు మీద ఆ గీత ఒకసారి వెడల్పుగా సాగింది. దర్జీ బావ కళ్లు పైకి తేలాయి. మిల్లు బావ "బావా!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపుకి పక్కవార్డులో ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారు, ఇది పెంచి చెప్పడం కాదు. ఇంకో ఇంజెక్షను. గీత మెల్లగా సన్నబడింది. దర్జీ బావ కళ్లు తెరిచి, "అరవకురా బావా, సెవులు పోతన్నాయి" అన్నాడు.

సాయంత్రానికి గుడారాలు కూలి గుట్టలయ్యాయి. మిల్లు బావకీ పరీక్ష చేశారు, హద్దులోనే ఉంది. అప్పుడు డాక్టరమ్మ అక్కని కూర్చోబెట్టుకుని అడిగింది.

"కలపాలని ఎవరికి తోచింది?"

"నాకేనమ్మా."

"చూడండి. కొత్త మాత్ర మంచిదో కాదో ఇంకా ఎవరికీ తెలియదు. మీ అన్నయ్యకి అది ఎక్కువైతే ప్రాణం మీదకి వస్తుంది. ఆయనకి ఉత్త మాత్ర వచ్చి ఉంటే నష్టమేమీ లేదు. మిగతా మందులు ఉన్నాయి కదా."

అక్క డాక్టరమ్మ వైపు కొంచెం జరిగింది. "అలగైతే సున్నంముక్క కూడా మంచిదేనా అమ్మా?"

"ఏ సున్నంముక్క?" అంది డాక్టరమ్మ.

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. ఇప్పుడు అక్క నా మాట చెప్పేస్తుంది. చెప్పేయాలి కూడా. అక్క నా వైపు చూడలేదు.

"ఏటో అమ్మా. మా ఇంట్లో అనుకునే మాటలు."

నర్సు మాత్రం నా వైపు చూసింది. చూసి, తల తిప్పుకుంది.

బావలిద్దర్నీ పరిశోధనలోంచి తీసేశారు. మామూలు మందులు మామూలుగా నడిచాయి. జరిగినదంతా కాగితం మీద పెట్టి పై వాళ్లకి పంపాలి. కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో "అవగాహన లోపం" అని రాశాను. ఎవరి అవగాహన అని అడగడానికి ఆ ఫారంలో గడి లేదు. హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వచ్చి ఆ ఏడు, ఏడు లెక్కలన్నీ ఎర్రసిరాతో కొట్టేశాడు. ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు.

పిల్లలూ, ఇక్కడ మీకో మాట. ఆ తర్వాత నేను ఎవరి దగ్గర సంతకం తీసుకున్నా, ముందు వాళ్లచేత చెప్పించుకునేవాణ్ణి. "నేను చెప్పింది మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని. అది వింటుంటే ఒక్కోసారి వెన్నులోంచి చలి వచ్చేది. మనం ఒకటి చెబుతాం, ఎదుటివాళ్లు వాళ్ల ఇంట్లో ఎవరెవరున్నారో దాన్నిబట్టి వింటారు. మీ పోలిక బాగుందని వాళ్లు నవ్వుతున్నప్పుడు, నవ్వని మనిషి ఎవరో వెతకండి. ఆ మనిషే ఇంటికెళ్లి డబ్బా తీస్తుంది.

దర్జీ బావ మళ్లీ మిషనెక్కాడు. ఆ తర్వాత చాలా కాలం తెల్లచొక్కాలు కుట్టాడు. మిల్లు బావ ఎప్పుడు కనబడినా "సంజీవని బాబూ!" అని కేకేసేవాడు. సంతలో అందరూ తిరిగి చూసేవారు. నేను నవ్వేవాణ్ణి. నా నవ్వు వెనకాల ఏముందో ఆయనకి తెలియదు. ఆయన భార్యకి తెలుసు.

ఇందులో ఏది కల్పించానో చెప్పవలసిన చోటుకి వచ్చాను. బొండాలు రోజుకి నాలుగూ నిజమే. గుడారాలు నిజమే. తనిఖీ అధికారి కళ్లజోడు కొంచెం అనుమానం. నేను వాకిట్లో నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేశానన్నది మాత్రం పచ్చి అబద్ధం.

నేను ఫోను తీసిన మాట నిజం. మళ్లీ జేబులో పెట్టేశాను. సంజీవని మాట బయటికి వస్తుంది, ఉద్యోగం పోతుంది, నన్ను నిలబెట్టి అడుగుతారు. అదే ఆలోచించాను. అక్కతో అన్నాను: "ఈ మాత్రలు ఎవరికీ వెయ్యకు. మళ్లీ సీసాల్లో చెరిసగం పోసెయ్. కలిపినట్టు ఎవరితోనూ అనకు. రేపు పొద్దున్న అన్నయ్యని రక్తపరీక్షకి తీసుకురా." రేపు. ఆ మనిషికి రేపు ఉందో లేదో తెలియక వణుకుతూనే ఆ మాట అన్నాను. అని బైకెక్కి వచ్చేశాను.

రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఒకదాని వెనక ఒకటి పెట్టెలు పోతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఆ గేటు తెరిచి ఉంటే ఇంటికి వెళ్లిపోయి ఉండేవాణ్ణి. అప్పుడు ఫోను మోగింది. డాక్టరమ్మ.

"దర్జీ గారి చెల్లెలు ఫోన్ చేశారు. రోగుల కార్డు మీద నంబరు చూసి చేశారట. మాత్రలు కలిపిన సంగతి చెప్పారు. ఈ ఫోను మీరే చెప్పి చేయించారటగా, అక్కడే ఉన్నారా?"

నేను చేయించలేదు. నేను చెప్పవద్దన్నాను. అక్క నన్ను కూడా కలుపుకుని చెప్పింది.

"ఇక్కడే ఉన్నాను మేడం," అన్నాను.

"వెంటనే తీసుకురండి. చుక్క బొండం తాగించకండి."

బైకు వెనక్కి తిప్పాను. నేను వెళ్లేసరికి అక్క అప్పటికే ఆటో పిలిచి అన్నని ఎక్కించి పక్కన కూర్చుంది. మిల్లు బావ ముందు సీట్లో ఉన్నాడు. నేను బైకు దిగి నిలబడ్డాను. ఆవిడ అన్నని తన వైపుకి లాక్కుని, నేను కూర్చోవడానికి చోటు చేసింది.